ఖాలాకు పాలొచ్చిన వేసవి

ఎనభైల మొదట్లో తిరుపతిలో బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదువుతూ సెలవులకు ఉదయగిరి వచ్చాను. మేము ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే పక్కింటావిడకు ఒక కూతురు. ఆ అమ్మాయి కాన్పయిన కొద్ది రోజులకే టైఫాయిడ్‌తో నెల్లూరు ఆసుపత్రిలో చేరింది. పసివాణ్ణి ఖాలా దగ్గర వదిలారు. డబ్బాపాలు పడితే కక్కేవాడు. ఏడుపు ఆపడానికి ఆమె వాణ్ణి తన రొమ్ముకే పట్టుకునేది. ఆమె చివరి కొడుకు అప్పటికే హైస్కూలుకు పోతున్నాడు.

ఒక ఉదయం ఆమె మా ఇంటికొచ్చి, సిగ్గుపడుతూ అమ్మకు రవిక మీది తడి చూపించింది.

"అక్కా, నాకు పాలు వస్తా ఉండాయి."

మా అమ్మ నమ్మలేదు. నేను నమ్మాను గానీ, ఎలా వచ్చాయన్న ప్రశ్న వదల్లేదు. పాలలోని ప్రోటీన్‌కు కావలసిన అమైనో ఆమ్లాలను రొమ్ములోని కణాలు రక్తంలోంచి తీసుకుంటాయనీ, ఆ పని మొదలుపెట్టించే హార్మోన్లలో ప్రొలాక్టిన్ ముఖ్యమనీ క్లాసులో విన్నాను. అదంతా ఎలుకల మీద తేల్చిన సంగతి.

"ఖాలా, రవ్వంత పాలిస్తావా? నిమ్మరసం పిండి విరుగుతాయేమో చూస్తా."

"పనీరు చేస్తావా ఏంది?" అని నవ్వి, గ్లాసులో కాసిని పిండి ఇచ్చింది. నిమ్మరసం పడ్డాక గేదెపాలలా ముద్దకట్టలేదు గానీ, ప్రోటీన్ విరిగి సన్నటి తునకలు తేలాయి.

"నువ్వు తినే పప్పు అరిగి నెత్తుట్లో కలుస్తాది. అందులోంచి కావాల్సింది ఏరుకొని నీ రొమ్ము పాలు చేస్తాది," అన్నాను.

"ఇన్నేళ్లూ పప్పు తిన్నాను గదా. అప్పుడెందుకు ఏరుకోలేదు?"

"అప్పుడు చీకేవాళ్లు లేరు. బిడ్డ చీకితేనే మెదడుకు కబురు పోతాది."

ఆమె ఒళ్లోని పసివాణ్ణి చూసింది. "అయితే వీడే తెప్పించుకున్నాడు."

కూతురు జబ్బు తగ్గి, నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా వచ్చే బస్సు దిగేసరికి ఎముకల గూడులా ఉంది. ఆమెకు పాలు ఎండిపోయాయి. ఖాలా ఊరుకోలేదు, పిల్లవాణ్ణి పదేపదే ఆమె ఒళ్లో వేసి చీకనిచ్చింది. కొన్నాళ్లకు కూతురికీ పాలు పడ్డాయి.

తిరుపతి వెళ్లాక ప్రాజెక్టుకు ఇదే అడిగి తీసుకున్నాను. చూలుతో ఉన్న ఎలుకల పాలగ్రంథి ముక్కల్ని హార్మోన్లు కలిపిన ద్రవంలోనూ, కలపని ద్రవంలోనూ ఉంచాను. కలిపినవి అమైనో ఆమ్లాన్ని ఎక్కువగా లాక్కున్నాయి. కణంలోకి అది పోవడానికి ముందే ఉన్న దారులే జోరందుకున్నాయా, కొత్త దారులు పుట్టాయా అన్నది మాత్రం తేల్చలేకపోయాను.

దసరాకు వెళ్లేసరికి ఖాలాకు పాలు ఆగిపోయాయి. ఎప్పుడు ఆగాయో తనకు తెలియదంది. పిల్లవాడు తల్లి పక్కనే నిద్రపోతున్నాడు.