కొన కిందికి

అండమాన్‌లో ఒక ఊరివాళ్లే తమ మడ అడవిని మళ్లీ పెంచుతున్నారని, వచ్చిన అతిథి ముందుగా ఒక మొక్క నాటితేనే అన్నం పెడతారని నాకు మొదట చెప్పింది మా చర్చి సుగుణక్క. నేను నమ్మలేదు. తర్వాత ఒకరోజు గచ్చిబౌలి బస్సులో ఆ ఊరి తెలుగామే నా పక్కన కూర్చుంది, ఒళ్లో తడిగుడ్డలో చుట్టిన పొడవాటి కాయలతో.

"ములక్కాయలా? సాంబార్‌ల మస్తుగుంటయ్," అంది కండక్టరమ్మ.

"కాదమ్మా, మడకాయలు. వీటినే మొక్కలుగా బురదలో గుచ్చి నాటతాం. పోయినేడు ఇక్కడి ఇంజనీర్లు వచ్చి నాటారు, అన్నీ తలకిందులుగానే! వాళ్లు పడవెక్కాక మేమే తిప్పి నాటుకున్నాం."

"వాళ్లకి చెప్పలేదా అక్కా?" అన్నాను.

"చెబితే మళ్లీ రారు కదమ్మా! అతిథులు రాకపోతే ఒడ్డు హోటలోళ్లకి ఇచ్చేద్దామంటున్నారు మా మగాళ్లు. అందుకే ఈసారి ముందే నేర్పి పిలుద్దామని వాళ్ల ఆఫీసుకి పోతున్నా. ఏదీ, మీరు నాటండి చూద్దాం."

నేను భక్తిగా ఒక కాయను నా కూరగాయల సంచిలో గుచ్చాను. ఆమె నవ్వకుండా, నా చేతిలోనే దాన్ని తిప్పి సన్నటి కొనను కిందికి పెట్టింది.

"ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్, మీరు గూడ ఇంజనీరే," అంది కండక్టరమ్మ.

ఆ అక్క హైటెక్ సిటీలో దిగిపోయింది. ఆ ఇంజనీర్లు వస్తామన్నారో లేదో నాకు తెలియదు. ఇప్పటికీ ములక్కాయ కోసేముందు కొన ఏదో చూసి, దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను. మీరూ మీ ప్రార్థనలో ఆమెను తలచుకోండి. పేరు అడగడం మరిచాను. మడకాయల అక్క అంటే ఆయనకు తెలుస్తుంది.