బావ కోయలేని బాయిలర్

మా బావ మనుషుల మీద ఇంతెత్తున లేచేవాడు గానీ, బాయిలర్ మీద ఎన్నడూ విసుక్కోలేదు. బిస్కెట్ల ఫ్యాక్టరీలో పాతికేళ్లు దానికి బొగ్గు వేసి మేపాడు. "మీ నాన్నకి అదే మొదటి పెళ్లాం, నేను రెండోదాన్ని" అని మా అక్క తన కూతురితో దెప్పుతూ ఉండేది.

ఆ ఫ్యాక్టరీలో ఒక విదేశీ కంపెనీ పెట్టుబడి పెట్టింది. దాంతోపాటు కరెంటుతో ఆవిరి పుట్టించే కొత్త యంత్రం వచ్చింది. పొగ లేదు, బూడిద లేదు. వాళ్ల ఇంజనీరు పక్కన కూర్చుని ఓపిగ్గా నేర్పుతుంటే బావ మురిసిపోయాడు. కంపెనీ షరతు ఒక్కటే: పాత బాయిలర్‌ను మళ్లీ ఎవరూ వాడకుండా గ్యాస్ కట్టర్‌తో ముక్కలు చేయాలి.

ఆ పని బావకే అప్పజెప్పారు. ఆయనకు చేతులు రాలేదు. పెద్ద డ్రమ్మును అలాగే ఉంచి, గొట్టాలన్నీ విప్పి, నూనె రాసి, ఏది ఎక్కడ బిగించాలో సుద్దతో గుర్తులు పెట్టి మరీ తుక్కు వ్యాపారి లారీ ఎక్కించాడు.

"తుక్కుకి ఈ సింగారం ఏంటి బావా?" అన్నాను.

"పోయేటప్పుడైనా మర్యాదగా పోనీరా."

వ్యాపారి ఊరుకుంటాడా? కాలవ అవతల బట్టలకు రంగులద్దే షెడ్డుకు అమ్మేశాడు. ఆ షెడ్డు వెనక వీధిలోనే నా మేనకోడలి ఇల్లు. ఆరేసిన బట్టల నిండా మసి. కిటికీలు మూస్తే ఉక్క. మూడేళ్ల పిల్లకు దగ్గు పట్టుకుని వదల్లేదు.

మనవరాలిని చూడబోయిన బావ గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆవిరి వదిలాక చివర్లో ఎక్కిళ్లు పెట్టే ఆ చప్పుడు ఆయనకు తెలియకపోవడమా! అన్నం వద్దని లేచి, తిన్నగా నా దగ్గరికి వచ్చాడు.

"నేనే పంపించాన్రా దాన్ని" అన్నాడు నాతో. "పసిదాని ఉసురు పోసుకుంటున్నాను."

"అమ్మాయికి చెప్పెయ్ బావా."

"ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

నాకు ఒళ్లు మండింది. సిగ్గుతో చచ్చిపోతున్న మనిషిని ఇంకేమనను?

చివరికి మేనకోడలే మా ఇద్దరినీ షెడ్డుకు లాక్కెళ్లింది. "బాయిలర్ల సంగతి నీకు తెలుసు కదా నాన్నా. మీ ఫ్యాక్టరీలో పొగ ఎలా పోయిందో చెప్పు. నువ్వు చెప్తే వింటారు" అంది. పిల్ల బావ భుజం మీద దగ్గుతోంది.

"మా నాన్న బిస్కెట్ల ఫ్యాక్టరీలో బాయిలర్ చూస్తారండీ" అని ఆమె మొదలుపెట్టిందో లేదో, షెడ్డు ఓనరు మొహం వెలిగిపోయింది.

"ఆ మేస్త్రీ మీరేనా! వ్యాపారి చెప్పాడు లెండి. కోసి పారేయమన్నా కోయలేదట. గుర్తులు పెట్టి మరీ పంపారు. మీ పుణ్యమా అని మా షెడ్డు నడుస్తోందండీ!"

మేనకోడలు తండ్రి వైపు తిరిగింది. "నిజమేనా నాన్నా?"

"కోయలేకపోయానమ్మా" అన్నాడు బావ.

ఆమె ఆయన భుజం మీంచి పిల్లను తీసుకుంది. "తాత కావాలి" అని పిల్ల చేతులు చాచి ఏడుస్తున్నా, దగ్గు ముంచుకొచ్చి ఆ ఏడుపు ఆగిపోయినా, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.