పసుపు పెట్టిన కాగితాలు

1989 అక్టోబరు 12, గురువారం, ఉదయం పదకొండున్నరకు ఈ పసుపు అలవాటు మొదలైంది. అరబ్బు దేశంలో, మత్రా రేవు కనబడే ఇంట్లో నేను వంటమనిషిని. యజమాని అమెరికా ముసలాయన. పియానోకూ వయొలిన్లకూ సంగీతం కట్టేవాడు. ఆ రోజు ఒక కూర్పు పూర్తిచేసి, సిరాతో రాసిన కట్టను భోజనాల బల్ల మీద పెట్టాడు. కడపలో మా ఇంట్లో కొత్త పుస్తకానికి పెట్టినట్టే, అలవాటుకొద్దీ దాని నాలుగు మూలలా తడి పసుపు పెట్టాను.

"యే క్యా హై?" అని, మా ఇద్దరికీ వచ్చీరాని హిందీలో అరిచాడు.

"హల్దీ, సార్. కామ్ పూరా హువా, ఇస్‌లియే." పని పూర్తయింది కాబట్టి పసుపు అన్నాను.

వాసన చూశాడు. "అచ్ఛా, అబ్ పకావ్!" ఇక వండేయమని నవ్వాడు.

అప్పటినుంచి ఏది పూర్తయినా వంటింటి గుమ్మంలో నిలబడి "హల్దీ!" అని కేకేసేవాడు. పెన్సిల్ చిత్తులూ, నచ్చక వదిలేసినవీ పసుపు లేకుండా తెల్లగా, పూర్తయిన కట్టలున్న బీరువాలోనే ఉండేవి. ఆయనకు తేదీలు గుర్తుండవు. పసుపు పెట్టిన ప్రతి కట్టకూ తేదీ, పేజీలు నేనే నోటుబుక్కులో రాసేదాన్ని.

1996 మార్చి 3న ఆయన పోయాడు. అమెరికానుంచి ఆయన అన్న కూతురు వచ్చింది. 11వ తేదీ ఉదయం ఎనిమిదికి నా వీసా కాగితాల పని మీద వెళ్లాను. వెళ్లేముందు ఆమెకు పసుపు సంగతి ఒక్క మాట చెప్పాల్సింది. చెప్పలేదు.

ఒంటిగంటా పదికి తిరిగొచ్చాను. గేటు దగ్గర మా ఇంటి డ్రైవరు, నిజామాబాద్ అబ్బాయి, చేతులు కడుక్కుంటున్నాడు.

"అక్కా, బీరువ సాఫ్ అయింది. పసుపంటిన కాయితాలన్నీ మేడమ్ పారెయ్యమన్నది. బల్దియా చెత్తబండి గూడ వొయింది."

"ఎన్ని కట్టలబ్బా?"

"ఎవలు లెక్కవెడ్తరక్కా? కూర మరకల కాయితాలాయె."

"కూర మరకలు కాదురా! సార్ రాసి ముగించినవి అవే గదా!"

లోపల ఆమె పెట్టెకు టేపు వేస్తోంది. నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. నోటుబుక్కు చూపించాను, అది తెలుగులో ఉంది. శుభ్రంగా ఉన్న కాగితాలన్నీ పెట్టెలో సర్దానని, ఒక్కటీ వదల్లేదని చెప్పి, ఆమె నా భుజం తట్టింది.

మరుసటి ఏడు ఆమె కచేరీ కరపత్రం ఒకటి పంపింది. ఆయన చివరి కృతి అని అందులో అచ్చేసినదాన్ని పేరు చూసి గుర్తుపట్టాను. 1993 జూన్‌లో "కచరా", చెత్త అని ఆయన నా ముందే నేలకు కొట్టిన చిత్తు. ఏరి బీరువాలో పెట్టింది నేనే.

నా నోటుబుక్కు ప్రకారం పూర్తయిన కూర్పులు పదకొండు. పేజీలు నాలుగు వందల ముప్పై ఆరు. వాటిలో ఒక్కటీ మిగల్లేదు.