హెచ్చరిక మూసిన చెయ్యి

కోలారు బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలో మా ఆసుపత్రి కంప్యూటరు ఎర్ర అక్షరాలతో హెచ్చరిక చూపినప్పుడల్లా టింగుమంటుంది. ఆ చప్పుడు వింటే నాకు గ్రేసమ్మగారు గుర్తొస్తారు. నేను డాక్టరుగా కొత్తగా చేరినప్పుడు ఆవిడే మా పెద్ద డాక్టరు. గని కార్మికుడి కూతురు. మాట కటువు, చెయ్యి మెత్తన. రోగుల వివరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడం అప్పుడే మొదలైంది. ఆ కంప్యూటరు మహాతల్లి అయినదానికీ కానిదానికీ హెచ్చరించేది. విసుగెత్తి మేమంతా చదవకుండానే మూసేసేవాళ్లం.

వరండా దాకా జనం నిండిన ఒక సోమవారం గ్రేసమ్మగారు కూడా అలాగే మూసేశారు. గౌనిపల్లి నుంచి వచ్చిన మామిడి రైతు మునెప్పకు ఆవిడ రాసిన మాత్ర పడదని తెర మీద ఉంది. అది మింగాక ఆయన ఒళ్లంతా బొబ్బలెక్కింది. ప్రాణం దక్కింది గానీ, కోలుకోవడానికి చాలాకాలం పట్టింది. కొడుకు వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాడు.

ఆసుపత్రి లాయరు వచ్చినప్పుడు నేను గ్రేసమ్మగారి గదిలోనే ఉన్నాను.

"కంప్యూటర్లో హెచ్చరిక మూసింది మీ పేరుతోనే ఉండాది. అయినా మీ పాస్‌వర్డు నర్సులందరికీ తెలుసు కదా. వాళ్లలో ఎవరో మూసినారని చెప్పండి డాక్టరమ్మా" అన్నాడాయన.

"మూసింది నేనేప్పా."

"అట్లంటే మీ లైసెన్సుకే ఎసరు."

"మా నాయన గనిలో మందు పేల్చేవాడు. పేలినాక పొగలోకి ముందు పోయేది పేల్చినోడే. వెనకున్నోళ్లని ముందుకి తొయ్యడు."

కమిషన్ ముందు కూడా ఆవిడ అదే మాట చెప్పారు. వెనక బెంచీలో కూర్చున్న నాకు ఆవిడ లైసెన్సు పోతుందేమోనని భయమేసింది. అంతలోనే, ఈవిడ దగ్గర పని నేర్చుకుంటున్నానని గర్వంతో ఛాతీ ఉప్పొంగింది. పరిహారం కట్టమని తీర్పు వచ్చింది. మెడికల్ కౌన్సిల్ మందలించి వదిలింది. పేపర్లో ఆవిడ పేరు పడింది. మర్నాడు ఎప్పటిలాగే డ్యూటీకి వచ్చారు. ఆ రోజు నుంచి తెరను రోగి వైపు తిప్పి, రాసినదంతా పైకి చదివి వినిపించేవారు.

కొన్నాళ్లకు మునెప్ప మళ్లీ ఆవిడ వరసలోనే వచ్చి నిలబడ్డాడు.

"కోలారులో పెద్దాసుపత్రికి పోదామంటాడమ్మా మావాడు. తప్పు చేస్తే చేసినానని చెప్పే డాక్టరు ఆడ ఉంటాదో లేదో అన్నాను" అన్నాడు.

ఆ రోజే మొదటిసారి గ్రేసమ్మగారి కళ్లలో నీళ్లు చూశాను.

ఇప్పుడు నా పాస్‌వర్డు ఇంకెవరికీ తెలియదు. మందు రాశాక దాని కింద నా పేరు పడేముందు ఒక్క క్షణం ఆగుతాను. ఇది రాసింది నేనేనని రేపు ఆ మనిషి ఎదుట నిలబడి చెప్పగలనా అని ప్రశ్నించుకుంటాను. చెప్పగలననిపిస్తేనే నా పేరు పడనిస్తాను.