కింది పెదవి

ఊరికి వెళ్లి పన్ను కట్టించుకొస్తానంటే మెల్‌బోర్న్‌లో అందరూ మెచ్చుకున్నారు. అక్కడ పంటి డాక్టరంటే మాలాంటి వాళ్లకు గుండె దడ. ఖర్చు సరే, అసలు నొప్పి చెప్పుకోవడమే రాదు. సలుపుతోందని, జివ్వున లాగుతోందని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో పదిహేనేళ్లయినా నాకు తెలియలేదు. మా బావ దగ్గరైతే నోరు తెరిస్తే చాలు.

బావంటే మా పెదనాన్న కూతురి భర్త, పళ్ల డాక్టరు. ఇల్లు జగ్గయ్యపేటలో, క్లినిక్కు నందిగామలో. నాకున్నది పన్నెండు రోజుల సెలవు కాబట్టి ఆదివారం నా ఒక్కదాని కోసం క్లినిక్కు తెరిచాడు. కింది దవడ ఎముకలో స్క్రూ బిగించి, "దీని మీద పన్ను మళ్లీ వచ్చినప్పుడు పెడతా. తిమ్మిరి మూడు గంటల్లో వదిలిపోద్ది. వదలకపోతే చెప్పు" అన్నాడు. ఫీజు మాట ఎత్తితే కోప్పడ్డాడు. అక్క పప్పన్నం మెత్తగా కలిపి క్యారేజీ పంపింది.

సాయంత్రం ఫోన్ చేశాడు. "ఏం మరదలా, తిమ్మిరి వదిలిందా?"

"ఆ, వదిలింది బావా. బానే ఉంది."

వదల్లేదు. కింది పెదవి కుడి సగం, గడ్డం నావి కానట్టే ఉన్నాయి. కానీ సెలవు రోజు పనిచేసి, పైసా పుచ్చుకోని మనిషితో నీ పని కుదరలేదని ఎలా అనడం? తెల్లారేసరికి అదే పోతుందిలే అనుకున్నాను. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనవాళ్లకు ఒక సామెత ఉంది, నలుగురిలో అనేది కాదు. బావ రోజూ అడిగాడు, రోజూ అదే చెప్పాను. తిరుగు ప్రయాణంలో, గరికపాడు చెక్‌పోస్టు దాటాక కారులో మంచినీళ్లు తాగాను. పెదవి పక్క నుంచి కారి చున్నీ తడిసేదాకా తెలియలేదు.

మెల్‌బోర్న్ చేరాక బావకు నిజం చెప్పాను.

"స్క్రూ నరాన్ని నొక్కుతున్నట్టుందమ్మా. ఆ సాయంత్రమే చెప్పుంటే మర్నాడే తీసేసేవాణ్ని, నరం కోలుకునేదేమో. ఇప్పుడు చెప్పలేం. అక్కడ ఎవరికైనా చూపించు, ఆలస్యం చెయ్యొద్దు" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మొదట వెళ్లిన చోట, చేసినవాళ్ల దగ్గరకే పొమ్మన్నారు. రెండో చోట ఒక డాక్టరమ్మ ఒప్పుకుని స్క్రూ తీసింది. స్పర్శ వస్తే రావచ్చు, ఆరు నెలలు చూడమంది. చూశాను. ఏడుపు కూడా రాలేదు. వంట చేశాను, ఆఫీసుకు వెళ్లాను, పెదవికి అంటుకున్న మెతుకు మా ఆయన చెప్తే తుడుచుకున్నాను. మనిషికి ఏదైనా అలవాటైపోతుంది. నాకు కోపమంతా దాని మీదే.

ఆరు నెలలయ్యాక డాక్టరమ్మ కళ్లు మూసుకోమంది. దూదితో పెదవిని తాకుతుందట, తాకినట్టు అనిపించగానే చెయ్యెత్తాలట. కళ్లు మూసుకుని కూర్చున్నాను. ఎంతకీ మొదలుపెట్టదేమిటని విసుగొచ్చింది.

అయిపోయింది, ఇక కళ్లు తెరవండి అంది.