కల్నల్‌గారితో ఆడిన బేరం

ఆ రోజుల్లో నాకు తెలిసిన యుద్ధవిద్య ఒక్కటే, బేరం. బెంగళూరు చిక్కపేటలో మాది బట్టల అంగడి. సరుకు కొనబోయినప్పుడు ధర కుదరకపోతే లేచి మూడడుగులు నడవాలి, నాలుగో అడుగు పడకముందే వెనక్కి పిలుస్తారు అన్నది మా తాత నాకిచ్చిన ఆస్తి. (మిగతాది చిన్నాన్నలు పంచుకున్నారు.) అలాంటి నేను, ఏడాదికి కొన్ని వారాలు కవాతు చేసి తక్కిన రోజులు అంగడి చూసుకోవచ్చన్నారని, వాలంటీరు సైన్యంలో లెఫ్టినెంటుగా చేరాను. మా నాయన చేతిలో గజంబద్ద అట్లే నిలిచిపోయింది. "ఏమీ బేరమాడకుండానే సంతకం పెట్టొచ్చినావా? నువ్వు మా ఇంట్లో పుట్టినోడివేనాప్పా?"

ఆయన భయపడ్డట్టే యుద్ధమొచ్చింది, నాకు పిలుపూ వచ్చింది. సరిహద్దు కొండల్లో మొదటి వారమే కల్నల్‌గారు పిలిపించి, పై శిబిరంలో గుండ్లు అయిపోవస్తున్నాయి, నాలుగు లారీలు ఆరు గంటల్లో చేరాలి అన్నారు. అక్కడ మనవాళ్లు నలభైమంది వాటికోసమే కాచుకుని ఉన్నారు. అది తెలిసి కూడా నా నోరు చిక్కపేట దాటలేదు. "పది చేసుకోండి సార్" అనేసింది. కల్నల్‌గారు నెరిసిన మీసం సవరించుకుని "ఆరు" అన్నారు. "మీకని తొమ్మిది" అన్నాను. "ఆరు." ఇక మిగిలింది తాత ఆస్తే. సెల్యూట్ కొట్టి, వెనుదిరిగి, నెమ్మదిగా మూడడుగులు వేశాను. నాలుగోదీ పడింది. ఐదు, ఆరు... లారీ కూడా వచ్చేసింది. ఎవరూ పిలవలేదు.

స్టీరింగు దగ్గరున్న హవల్దారు మా బెంగళూరు పక్కనున్న ఆనేకల్ నేతగాళ్ల ఇంటివాడు. అంతా విన్నట్టున్నాడు.

"ఏం సార్, కుదిరెనా బేరం?"

"లేదన్నా, ఆరే అంట. దారి ఎట్లుండాది?"

"దారి యాడుండాది సార్! బండలే ఉండాయి. కూర్చోండి, దేవుడుండాడు."

లారీలు కదిలాయి. ప్రతి మలుపులోనూ ఆ నలభైమందే కళ్లముందు. ఎక్కడో గుండు పేలినప్పుడల్లా "మనదా, వాళ్లదా?" అని నేను, "దిగి అడిగొస్తారా సార్?" అని అతను. మొత్తానికి ఐదుంబావు గంటల్లో చేర్చాం. పైనున్నవాళ్లు పెట్టెలు దించడం మాని ముందు మమ్మల్ని కౌగిలించుకున్నారు.

తిరిగొచ్చి రొమ్ము విరుచుకుని చెప్పాను. కల్నల్‌గారు గడియారం చూసుకుని, "శభాష్. ఎనిమిది గంటలైనా సరిపోయేదే" అన్నారు. ఆపైన టీ గ్లాసు నావైపు జరుపుతూ, "మా నాన్నదీ బట్టల కొట్టే" అన్నారు.

ఇప్పుడు నా మీసమూ నెరిసింది. ఈనాటికీ ఏ అంగడి మెట్లు దిగినా మూడో అడుగు దగ్గర కాలు నెమ్మదిస్తుంది. పిలిస్తే సరే. పిలవకపోతే ఆ కుర్ర లెఫ్టినెంటు గుర్తొస్తాడు. నాలో నేనే నవ్వుకుని, వెనక్కి వెళ్లి, చెప్పిన ధరకే కొనుక్కుంటాను. (మా ఆవిడకు మాత్రం సగానికి తగ్గించానని చెబుతాను.)