నూనె వేయని గంజి

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఊరి నిండా గుడారాలే. ఆఫీసులు గుడారాల్లో, గుమాస్తాలు గుడారాల్లో. నేను మాత్రం కాలేజీ ప్రయోగశాలలో, కిటికీ పక్కనున్న మైక్రోస్కోపు ముందు ఉండేవాణ్ణి. డెమాన్‌స్ట్రేటరు ఉద్యోగం. పిల్లలకు ఆకులు కోసి చూపించడం నా పని, ఈస్టు కణాలను చూడటం నా పిచ్చి.

ఆ ఈస్టును మైదుకూరు దగ్గర మా ఊళ్లో, మా ఇంటి గంజికుండలోంచే తెచ్చుకున్నాను. మాది నేతపని. పడుగు పోగులకు పెట్టే బియ్యపు గంజిని నాలుగు రోజులు పులియబెడతాం. ఆ పులుపులో ఈస్టు దండిగా పెరుగుతుంది. కణానికి పక్కనుంచి చిన్న మొగ్గ వస్తుంది. అది పెరిగి, పిల్లకణమై విడిపోతుంది. తల్లికణంలో మెరిసే కొవ్వు పూసలు ఒక్కొక్కటే ఆ సన్నటి మెడ దాటి మొగ్గలోకి జారడం నేను చూశాను. అంతకుముందు ఇంకెవరైనా చూశారేమోనని అడగాలని కూడా అనిపించలేదు. నా కళ్లమీద నాకంత నమ్మకం. నోటుపుస్తకం నిండా బొమ్మలు గీశాను.

పరీక్షల పనిమీద విశ్వవిద్యాలయం నుంచి ఒక ప్రొఫెసరు వచ్చాడు. పదిహేను రోజులు ఉంటాడట. ఆయన దగ్గర పరిశోధనకు ఒకే ఒక్క సీటు ఖాళీ ఉంది. అది నాదేనని తీర్మానించుకుని నోటుపుస్తకం ఆయన ముందు పెట్టాను. ఆయన పేజీలు తిప్పి, "ఈస్టు ఎక్కడిది?" అన్నాడు.

"మా ఇంటి గంజికుండలోదండీ."

"గంజిలో ఏమేం వేస్తారు?"

"బియ్యం, నీళ్లు. పోగు మెత్తబడటానికి కాస్త వేరుశనగ నూనె."

నా నోటితో నేనే చెప్పాను. మా ఇళ్లలో గంజి అంటేనే నూనె వేసిన గంజి. అందుకే ఇన్ని నెలల్లో ఆ సంగతి నాకు తట్టనే లేదు. ఆయన నోటుపుస్తకం మూసి నా వైపు జరిపాడు.

"మీరు చూసింది కణం లోపలి కొవ్వో, కణానికి అంటుకున్న మీ ఇంటి నూనెనో నాకెలా తెలుస్తుంది? నేను వెళ్లేలోగా నూనె తగలని ఈస్టు చూపించండి."

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అయినా పూసలు లోపలివేనన్న పట్టు మాత్రం వదల్లేదు. ఆ మధ్యాహ్నమే ఊరి బస్సెక్కాను.

మా నాయన పోయాక మగ్గం గుంతలో కూర్చునేది మా అమ్మే. సంగతి విని, "నూనె ఎయ్యకుంటే పోగులు తెగుతాయి కదా నాయనా" అంది.

"పడుగుకు కాదమ్మా, నా పరీక్షకు" అన్నాను.

పాత కుండలో ఏళ్ల నూనె ఇంకిపోయి ఉంది. అమ్మ కొత్త కుండ తెచ్చి, గంజికని దాచిన బియ్యమంతా వండి అందులో పోసింది. నాలుగు రోజులు నేనే ఆ కుండకు కాపలా. పక్కింటామె తలకు నూనె రాసుకుంటూ వస్తే గుమ్మంలోనే ఆపేశాను. "చదువుకున్నోడు కదా, కుండకు గూడా మడి కట్టిచ్చినాడు" అని ఆమె వీధంతా చెప్పుకుని నవ్వింది.

అయిదో రోజు ఒక సీసాలో పట్టుకుని కర్నూలు చేరాను. ప్రొఫెసరు మైక్రోస్కోపు ముందు కూర్చుని చాలాసేపు లేవలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ చూశాడు. పూస మెడ దాటడం ఆయనా చూశాడు.

"జూలైలో వచ్చి చేరండి" అన్నాడు.

వారం తర్వాత ఆ వార్త మోసుకుని ఇంటికి పోయాను. అమ్మ మగ్గంలో చీర నేస్తోంది. జానెడు నేసేలోపే పోగు తెగుతోంది, ఆపి ముడి వేస్తోంది, మళ్లీ తెగుతోంది.

"ఏమ్మా, ఇన్ని తెగుతాండాయి?"

"ఆ కొత్తకుండ గంజే పెట్టినా నాయనా. నూనె చెయ్యి కుండకు తగుల్తాదని నూనె ఎయ్యలే. సారు ఒప్పుకోకుంటే నీకు మళ్లా కావాల్సొస్తాదేమోనని సగం అట్లే ఉంచినా."

మూలన ఆ కుండ గుడ్డ కప్పుకుని ఉంది. సీటు నాకే వస్తుందన్న విషయంలో నాకు ఏనాడూ అనుమానం లేదు. నా బదులు మా అమ్మ అనుమానపడి, ఆ చీర పొడుగునా ముడులు వేస్తూ కూర్చుంది. ఏదో ఒకటి మాట్లాడాలని, తల్లికణంలోని కొవ్వు బిడ్డలోకి ఎలా పోతుందో వివరంగా చెప్పాను.

ఆమె ముడి బిగించి, "అంతా బిడ్డకు పోతే తల్లికి ఏమన్నా మిగుల్తాదా?" అని అడిగింది.

నోటుపుస్తకం తీశాను. ప్రతి బొమ్మలోనూ మొగ్గనే శ్రద్ధగా గీశాను. మొగ్గ విడిపోయాక తల్లివైపు ఒక్కసారీ చూడలేదు.

"చూడలేదమ్మా" అన్నాను.

"చూడు మరి" అని ఆమె తెగిన ఇంకో పోగు అందుకుంది.

జూలైలో ప్రొఫెసరు నన్ను కూర్చోబెట్టి, ఏం తేల్చాలనుకుంటున్నావని అడిగాడు. మొగ్గకు ఇచ్చేశాక తల్లికణంలో ఎంత మిగులుతుందో చూస్తానన్నాను. "మంచి ప్రశ్న, నీకే తట్టిందా?" అన్నాడు. నేను అవునన్నాను.